గడ్డి మొలిచాక చెప్తాను

"గడ్డి మొలిచిందమ్మా" అన్నారు కరుణమ్మగారు ఫోన్‌లో.

ఆ గొంతులో పురుటి కబురు చెప్పేటంత సంతోషం ఉంది. దెబోరా రిసీవర్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టైప్‌రైటర్‌లో కాగితం ఎక్కిస్తోంది. మాట అర్థమయ్యేసరికి కాగితం వంకరగా ఎక్కింది.

"పొద్దున్నే పాస్టరుగారు చూసొచ్చారు. చర్చి ముందు వాలంతా పసిపిల్ల తల మీద జుట్టులా సన్నగా, పచ్చగా ఉందట. జయరాజు మోకాళ్ళ మీద కూర్చుని మొలకల్ని చూసుకుంటున్నాడట. మేమిద్దరం స్తోత్రం చేసుకున్నాం."

"మంచిది అమ్మగారూ."

"మంచిది అని ఊరుకుంటావేమే? అతనన్న మాట గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి. షాంటిలీ తెలుగు సంఘంలో ఆ మాట తెలియనివాళ్ళు లేరు.

ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, కాఫీ దగ్గర, పాస్టరుగారి భార్య కరుణమ్మగారు జయరాజుని సూటిగా అడిగేశారు. "దైవాశీర్వాదంగారి అమ్మాయి దెబోరాని చూస్తూనే ఉన్నావుగా బాబూ. నీ ఉద్దేశం ఏమిటి?" జయరాజు కాఫీ ఊదుకున్నాడు. ఒక గుక్క తాగాడు. తరవాత చాలా మర్యాదగా, "గడ్డి మొలిచాక చెప్తాను అమ్మగారూ" అన్నాడు.

ఆ మాట కాఫీ చల్లారేలోపు హాలంతా తిరిగింది. అప్పటినుంచి సంఘంలోని ఉషా ఆంటీ కనిపించినప్పుడల్లా "ఏమ్మా, మొలిచిందా?" అని అడగడం, పక్కనున్నవాళ్ళు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం.

దెబోరాకి ఇరవై నాలుగేళ్ళు. పదేళ్ళప్పుడు బాపట్ల నుంచి అమెరికా వచ్చింది, ఇక్కడే కాలేజీ చదివింది, ఫెయిర్‌ఫాక్స్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పని చేస్తోంది. కార్ తరవాతే గర్ల్‌ఫ్రెండ్ అనుకునే అబ్బాయిల్ని చూసింది. ఫుట్‌బాల్ తరవాత అనుకునేవాళ్ళనీ చూసింది. గడ్డి తరవాత అన్నవాణ్ణి మాత్రం ఇతణ్ణే చూసింది. ఇంకా ఘోరమేమిటంటే, ఆ మనిషంటే ఆమెకి ఇష్టం. ఆదివారం ఆఖరి వరసలో నిలబడి, శ్రుతి తప్పినా పట్టించుకోకుండా గొంతెత్తి పాడే ఆ మనిషి ఎప్పుడు నోరు విప్పుతాడా అని ఆమె వేసవంతా ఎదురుచూసింది. విప్పాడు. గడ్డి గురించి విప్పాడు.

"అమ్మగారూ, కోత పండుగకి టెంట్ ఎక్కడ వేయాలో ఇంకా డిసైడ్ చేయలేదని చెప్పాను కదా?"

"ఆ, చెప్పావు. ఈ ఏడు పండుగ బాధ్యత నీదేగా."

"ఇప్పుడే డిసైడ్ చేశాను."

"ఎక్కడ?"

"ఆ గడ్డి మీద."

*

సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా చర్చికి డ్రైవ్ చేసింది.

చర్చి అంటే ఒకప్పుడు పశువుల దాణా అమ్మిన కొట్టు. సంఘం దాన్ని కొని గోడలకి తెల్ల రంగు వేసింది. ముందున్న ఎర్రమట్టి వాలు వానకి కరిగి రోడ్డు మీదికి రాకూడదని కౌంటీ ప్రభుత్వం వాళ్ళు షరతు పెట్టారు. చలికాలంలోగా నేలంతా గడ్డి కప్పాలి. ఆ పని ఎవరు చేస్తారని కమిటీ అడిగితే ముందుగా చెయ్యెత్తినవాడు జయరాజు. రెస్టన్‌లో ఇంజినీరు అయినా రేపల్లె దగ్గర రైతు బిడ్డ. తొలకరి చినుకు పడే నెలలో విత్తడం ఒంట్లో ఉన్న మనిషి. జూన్‌లో చల్లాడు. పదిరోజులకి పచ్చగా మొలిచింది. జూలై ఎండకి గోధుమరంగు తిరిగింది. ఆగస్టులో ఒక పెద్దవాన వచ్చి చచ్చిన గడ్డినీ దాని కింద మట్టినీ కలిపి రోడ్డు మీదికి నెట్టేసింది.

ఇది ఎండలు తగ్గాక, సెప్టెంబర్‌లో విత్తుకునే చలిదేశపు గడ్డి అని విత్తనాల సంచీ వెనక స్పష్టంగా రాసే ఉంది. జయరాజు చదవలేదు. వాళ్ళ నాన్న ఎన్నడూ సంచీ తిరగేసి చూసి విత్తలేదు.

ఇప్పుడు సంచీ చదివి మళ్ళీ విత్తాడు. వాలు చుట్టూ కర్రలు పాతి, కరుణమ్మగారి పాత చీరల పీలికలు కట్టాడు. నీలం పువ్వులు, పసుపు గళ్ళు గాలికి ఊగుతున్నాయి.

"ఆగండి. అక్కడే ఆగండి" అన్నాడు దెబోరా కార్ దిగగానే.

"మనిషికి వందనాలు కూడా చెప్పరా?"

"వందనాలు. ఆ చీర దాటకండి. మీ హీల్స్‌కి ఒక్కో అడుగుకి ఒక్కో గుంట పడుతుంది."

"పడనివ్వండి. కోత పండుగ టెంట్ ఇక్కడే వేస్తున్నాం. పార్కింగ్‌లో కార్లుంటాయి, బేస్‌మెంట్ ఇంకా పూర్తవలేదు. ఇంతమందిని నేనెక్కడ కూర్చోబెట్టాలి?"

"ఎక్కడైనా కూర్చోబెట్టండి. ఇక్కడ మాత్రం వీల్లేదు."

"ఈ చర్చి మీ సొంతమా?"

"గడ్డి నాది."

"గడ్డి మీదైతే తీసుకెళ్ళి మీ అపార్ట్‌మెంట్‌లో పెంచుకోండి."

అతను ఏదో అనబోయి ఆకాశంకేసి చూశాడు. పడమటి వైపు మబ్బు నల్లగా దిగుతోంది. దెబోరాని చూసినప్పుడు ఎన్నడూ మారని అతని మొహం ఆ మబ్బుని చూసి తెల్లబోయింది. ఆమెకి అది కూడా కోపంగానే ఉంది.

వాన ఒక్కసారిగా దిగింది. చూరు గొట్టం నుంచి నీళ్ళు బుడబుడమంటూ వచ్చి వాలు మీదికి తిరిగాయి. జయరాజు ఎండు గోధుమగడ్డి కట్టల కోసం పరుగెత్తాడు.

"ఏవండీ, ఆ చెక్క పలక తీసుకుని గొట్టం దగ్గర అడ్డం పెట్టండి. నీళ్ళు కంకర వైపు మళ్ళాలి."

"నేను మీ పనిమనిషినా?"

"పెట్టండి, తరవాత తిట్టండి."

దెబోరా హీల్స్ విప్పి అవతల పడేసి, పలక పట్టుకుని గొట్టం దగ్గర కూలబడింది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. నీళ్ళు మోచేతుల దాకా చిమ్ముతున్నాయి. ఆఫీసుకి వేసుకొచ్చిన సిల్క్ బ్లౌజు ఒంటికి అతుక్కుపోయింది. అతను వాలు అంచున పొట్ట మీద పడుకున్నంత పని చేస్తూ, చెయ్యి చాపి చాపి మొలకల మీద ఎండుగడ్డి పలచగా పరుస్తున్నాడు. నిద్రపోతున్న పిల్లవాడికి దుప్పటి కప్పుతున్నట్టు పరుస్తున్నాడు. అది చూస్తుంటే ముచ్చటేసింది. ముచ్చటేసినందుకు ఇంకా మండింది.

"మొలిచింది కదా?" అని అరిచింది వాన చప్పుడు మీదుగా.

"మొలిచిందండీ."

"అయితే చెప్పండి."

"ఏం చెప్పాలి?"

"నాకేం తెలుసు? అమ్మగారికి ఏదో చెప్తానన్నారుగా."

జయరాజు చెయ్యి ఆగింది. నుదుటి మీద జుట్టులోంచి నీళ్ళు ముక్కు చివరికి జారి, అక్కడ ఒక్క క్షణం ఊగి పడ్డాయి.

"మొలిస్తే చాలదండీ. జూన్‌లోనూ మొలిచింది. వేరు పట్టుకోవాలి. మొదటి కోత కోశాక చెప్తాను."

దెబోరా పలక వదిలేసి లేచి నిలబడింది. నీళ్ళు మళ్ళీ వాలు వైపు తిరిగాయి. రెండు అడుగులు కార్ వైపు వేసింది. వెనక్కి వచ్చింది. పలక తీసి మళ్ళీ అడ్డం పెట్టింది.

"మీ కోసం కాదు" అంది పళ్ళు బిగించి. "చర్చి కోసం."

వాన వెలిసేదాకా పలక వదల్లేదు.

*

ఆ తరవాత కొన్ని వారాలు దెబోరా ఆఫీసు నుంచి ఇంటికి కొత్త దారిలో వెళ్ళింది. ఆ దారి చుట్టుదారి. చర్చి ముందు నుంచి పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తల తిప్పకుండా కంటి చివరతో చూసేది. పెద్ద ఓక్ చెట్టు నుంచి ఆకులు రాలుతున్నాయి. అవి మొలకల మీద పేరుకుంటే వెలుతురు అందక కుళ్ళిపోతాయట. పళ్ళకర్ర రేక్‌తో లాగితే లేత వేళ్ళు ఊడొస్తాయట. అందుకని జయరాజు రోజూ అంచున వంగి, పొడుగాటి పుల్లతో ఒక్కో ఆకే ఏరేవాడు. మనుషులతో కూడా అంత ఓపిగ్గా ఉంటే ఎంత బాగుండు అనుకుని గేర్ మార్చేది.

అక్టోబర్ శనివారం ఒకటి కోత పండుగ. పొద్దున్నే టెంట్ ట్రక్ వచ్చింది. ఇనప మేకులు, పెద్ద సుత్తి దించుకుని, చాకలి బానంత పొట్ట ఉన్న మనిషి చీర పీలికల దగ్గర నిలబడి అడిగాడు. "ఇక్కడేనా మేడమ్?"

ఇక్కడేనని ఫోన్‌లో చెప్పింది తనే. అవును అందామని ఆమె నోరు తెరిచింది.

అప్పుడే ఎండ చర్చి మూల దాటి వాలు మీద పడింది. నాలుగంగుళాల గడ్డి. ఒక్కో పరక చివర ఒక్కో మంచు బిందువు. వాలంతా పైనుంచి కింది దాకా ఒకేసారి మెరిసింది. దెబోరా చీర పీలిక కిందనుంచి చెయ్యి పెట్టి అరచెయ్యి ఆనించింది. చల్లగా, మెత్తగా, కొంచెం గరుగ్గా ఉంది. అంతవరకు ఆమె ఆ గడ్డిని తిట్టిందే గాని ముట్టుకోలేదు.

"కాదు. పార్కింగ్ లాట్‌లో వేయండి."

"కార్లు?"

"పక్క స్కూల్ గ్రౌండ్ అడుగుతాను. ట్రక్ కొంచెం వెనక్కి తీయండి, టైర్లు ఆ గడ్డికి దగ్గరగా ఉన్నాయి."

ఫోన్ చేసి, స్కూల్‌వాళ్ళని బతిమాలి, బయటికి వచ్చి, మంచుకి తడిసిన చెప్పులు విప్పి చేత్తో పట్టుకుందో లేదో జయరాజు డాట్సన్ కార్ సర్రున వచ్చి ఆగింది. అతనికి కనిపించినవి మూడే. ట్రక్. సుత్తి. గడ్డి పక్కన వట్టికాళ్ళతో దెబోరా.

"మీకసలు మనసుందా?" అంటూ దిగాడు. కార్ తలుపు కూడా వేయలేదు. "ఒక్క పండుగ పూట కోసం, ఒక్క పూట పట్టుదల కోసం... అంత మంకుపట్టు ఏమిటండీ మీకు? పగ ఉంటే నా మీద తీర్చుకోవాలి. నోరులేని గడ్డి మీదా?"

అతను అలా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. చెవులు ఎర్రబడ్డాయి అతనికి. దెబోరా చెప్పులు చేత్తో పట్టుకుని మొత్తం విన్నది.

"అయిపోయిందా?"

"అవలేదు."

"మిగిలింది తరవాత అను. ముందు అటు చూడు."

ఆమె నోట మీరు పోయి నువ్వు వచ్చిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. అతను చూశాడు. పార్కింగ్ లాట్‌లో తెల్లటి టెంట్ సగం లేచి ఉంది. గడ్డి మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

"సారీ."

"నీ సారీ ఎవరికి కావాలి? ఆగస్టు నుంచి ఉషా ఆంటీ నన్ను మొలిచిందా మొలిచిందా అని అడుగుతుంటే నవ్వుతూ నిలబడ్డాను. ఏ అమ్మాయినైనా అలా గడ్డికి కట్టేస్తారా?"

"నేను కట్టేయలేదు. మీ నాన్నగారు కట్టారు."

"డాడీయా?"

"ఆగస్టు కమిటీ మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు. గడ్డిపరక నిలబెట్టలేనివాడు రేపు సంసారం ఏం నిలబెడతాడు అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. ఆ ఆదివారమే అమ్మగారు మీ మాట ఎత్తారు. నేను సరే అంటే ఆయన మళ్ళీ అదే మాట అంటారు... అది మీ చెవిన పడుతుంది. అందుకని..."

దెబోరాకి ఒళ్ళు భగ్గుమంది. ఎవరి మీదో తేల్చుకోవడానికి ఒక్క నిమిషం పట్టింది. ముందు నాన్న మీద. తరవాత ఇతని మీద.

"మబ్బుని అడిగావు. సంచీని అడిగావు. మా డాడీ ఏమంటాడో నిన్ను నువ్వే అడిగావు. నన్ను మాత్రం అడగలేదు. నేనేమంటానో తెలుసుకోవాలనిపించలేదా?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే దైవాశీర్వాదంగారి స్టేషన్ వ్యాగన్ హారన్ కొట్టుకుంటూ మలుపు తిరిగింది. వెనక సీటు నిండా సొరకాయలు.

"వేలం వస్తువులు దింపించుకోవాలి" అని దెబోరా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది.

*

పదకొండింటికి టెంట్ నిండింది. పెరట్లో కాచినవీ, వంటింట్లో పుట్టినవీ బల్లల మీద చేరాయి. గోంగూర కట్టలు, గుమ్మడికాయలు, నువ్వుల లడ్డూలు, ఉషా ఆంటీ చికెన్ పచ్చడి. కోత పండుగకి ఎవరి ప్రథమ ఫలం వాళ్ళు దేవుడికి తెస్తారు, అవి వేలం వేసి వచ్చింది చర్చికి ఇస్తారు. ఏటా వేలం పాడించేది సంఘ పెద్ద దైవాశీర్వాదంగారే. ఆ గొంతుకి మైకు దండగ.

మంచు ఆరాక గడ్డి కోసే లాన్ మోవర్ చప్పుడు కాసేపు వినిపించింది. దెబోరా అటు చూడలేదు. పిల్లలకి జ్యూస్ పోస్తూ రెండు గ్లాసులు పొర్లించింది.

సొరకాయలు అమ్ముడయ్యాయి. లడ్డూలు అమ్ముడయ్యాయి. ఒక వెదురు బుట్ట దైవాశీర్వాదంగారి చేతికి వచ్చింది. ఆయన లోపలికి తొంగి చూసి, గుప్పెడు పైకి తీశారు. తాజాగా కోసిన గడ్డి. పచ్చివాసన ముందు వరసల దాకా వచ్చింది.

"ఇదెవరు తెచ్చారు?"

"నేనండీ" అన్నాడు జయరాజు ఆఖరి వరసలో లేచి. "నాకు ఈ ఏడు పండింది ఇదే. మొదటి కోత."

టెంట్ అంతా నవ్వింది. అతను నవ్వలేదు. దైవాశీర్వాదంగారిని కూడా చూడట్లేదు. జనం తలల మీదుగా జ్యూస్ బల్ల వైపు చూస్తున్నాడు.

దెబోరా చేతిలో జగ్గు ఆగింది. మొదటి కోత కోశాక చెప్తానన్నాడు. ఇంతమందిలో ఆ మాట తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆమెకి గుండె గబగబా కొట్టుకుంది, దాంతోపాటు కోపమూ గబగబా పెరిగింది. ఈ మనిషి ఒక్కసారి నోటితో చెప్పలేడా, బుట్టతోనే చెప్పాలా?

"సరే, పాడండి" అన్నారు దైవాశీర్వాదంగారు. "ఎవరికి కావాలి గడ్డి?"

"ఐదు డాలర్లు" అంది దెబోరా.

తలలన్నీ ఇటు తిరిగాయి. ఉషా ఆంటీ కళ్ళు మెరిశాయి. "ఆరు" అంది ఆవిడ.

"పది."

"పదకొండు."

పాట నడిచింది. గుమ్మడికాయ ధర దాటింది. గోంగూర ధర దాటింది. చికెన్ పచ్చడి ధర దాటేసరికి ఉషా ఆంటీకే కొంచెం నొప్పి పుట్టి ఆగింది.

దైవాశీర్వాదంగారు మైకు దించి, "అమ్మా దెబోరా, మనింట్లో ఆవు లేదు కదా" అన్నారు.

"లేదు డాడీ. మీరు ఆగస్టు కమిటీలో ఒక మాటన్నారట. ఆ మాట మీద కోపంతో కొంటున్నాను."

కరుణమ్మగారు పాస్టరుగారి మోచెయ్యి పట్టుకున్నారు.

దైవాశీర్వాదంగారు కూతుర్ని చూశారు. ఆఖరి వరస వైపు చూశారు. బుట్ట బల్ల మీద పెట్టి, మైకు దాని పక్కన పెట్టి, టెంట్ దాటి చీర పీలికల దాకా నడిచారు. సంఘమంతా కుర్చీల్లోంచి లేచి చూస్తోంది. ఆయన మోకాలు పట్టుకుని మెల్లగా వంగి, అంచున కాసిని పరకలు వేళ్ళకి చుట్టి లాగారు. పరకలు సాగాయి. వేరు ఊడి రాలేదు. ఇంకో చోట లాగారు. రాలేదు. ఈసారి గట్టిగా, గిట్టనివాడు లాగినట్టే లాగారు. చేతికి చివర్లు తెగి వచ్చాయి, మొదలు కదల్లేదు.

ఆయన చెయ్యి కోటుకి తుడుచుకుంటూ తిరిగొచ్చి మైకు అందుకున్నారు.

"ఆ రోజు నేనన్నది జూన్ గడ్డిని. ఈ గడ్డిని కాదు" అన్నారు. ఒక్క క్షణం ఆగి, గొంతు కొంచెం తగ్గించారు. "జూన్ గడ్డిని కూడా అనకుండా ఉండాల్సింది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. మా అమ్మాయికి."

చప్పట్లు మొదలుపెట్టింది ఉషా ఆంటీయే.

దెబోరా బుట్ట నడుముకి ఆనించుకుని టెంట్ వెనక్కి వచ్చేసింది. అక్కడికి జయరాజు వస్తాడని తెలుసు. వచ్చాడు. చొక్కా మీద పచ్చటి మరకలు, జేబులో ఒక ఓక్ ఆకు.

"దెబోరా."

ఆమెను పేరుతో పిలవడం అదే మొదలు. ఆమె బుట్ట ఇంకో చేతికి మార్చుకుంది.

"ఏమిటి?"

"చెప్తానన్నాను కదా..."

"వద్దు. ఇప్పుడు చెప్పకు."

"ఎందుకు?"

"ఇప్పుడు కోపంగా ఉన్నాను. నువ్వు చెప్పేది నేను కోపంలో వినదల్చుకోలేదు. రేపు ఆరాధన అయ్యాక మా ఇంటికి భోజనానికి వస్తున్నావు. పాస్టరుగారినీ అమ్మగారినీ తీసుకుని రా. డాడీని తరవాత అడుగుదువుగాని. ముందు నన్ను అడగాలి. నోటితో అడగాలి. బుట్టలూ గిట్టలూ తేవద్దు."

"అడిగితే ఏమంటావు?"

ఆమె అతని జేబులో ఆకు తీసి అవతల పారేసింది.

"రేపు చెప్తాను" అంది.